నలుసులు మూడింతలు

తప్పు నాదేనని మా అమ్మ అంటుంది. అమ్మ చెవిదని నేనంటాను. ఇద్దరిదీ కాదు, ఆ పాడు మాటదేనని చెల్లెలి మొగుడు, మా మరిది అంటాడు, అతనెప్పుడూ గోడమీద పిల్లే. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. నాకే ఇప్పటికీ సగం అర్థం కాలేదు.

నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. పంతొమ్మిదేళ్ల సర్వీసు. రెండేళ్ల కిందట నన్నొక పరిశోధనకి వేశారు. రక్తంలో తిరిగే మైక్రోపార్టికల్స్ అనేవాటిమీద పరిశోధన. రక్తంలో కణాలుంటాయి కదా, ఎర్రవీ తెల్లవీ ప్లేట్‌లెట్లూ. అవి కాక రక్తనాళాల లోపలి గోడకి పరుచుకున్నవి వేరే. ఇవన్నీ నలిగినప్పుడూ, రెచ్చిపోయినప్పుడూ, చచ్చేటప్పుడూ పైపొరలోంచి చిన్న చిన్న తునకలు రాలుస్తాయి. కణమే కంటికి ఆనదు, అందులో పదోవంతు కూడా ఉండని తునక ఇది. ఒకప్పుడు వీటిని చెత్త కింద కొట్టిపారేసేవాళ్లట. ఇప్పుడేమో ఏ కణంలోంచి రాలిందో ఆ గుర్తు తునకమీద ఉంటుందనీ, రక్తం గడ్డకట్టే జబ్బుల్లోనూ, గర్భం నిలవని ఆడవాళ్లలోనూ ఇవి ఎక్కువ కనిపిస్తున్నాయనీ అంటున్నారు. జబ్బువల్ల ఇవి పెరుగుతాయా, ఇవి పెరిగినందువల్ల జబ్బా అని అడిగితే మాత్రం మా డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంది.

రోజుకి నలభైసార్లు మైక్రోపార్టికల్స్ మైక్రోపార్టికల్స్ అనలేక నా నోరు పడిపోయింది. విసుగొచ్చి నలుసులు అని పేరు పెట్టేశాను. డాక్టరమ్మ మొదట నవ్వింది, నెల తిరక్కుండా తనూ అదే అనడం మొదలుపెట్టింది. ఇవాళ నలుసులెన్ని, నలుసుల ట్యూబెక్కడ, ఇదీ మా ల్యాబు భాష.

వీటితో వచ్చిన చిక్కొకటుంది. ఒంట్లో పుట్టిన నలుసూ, ట్యూబులో పుట్టిన నలుసూ అచ్చం ఒకేలా ఉంటాయి. రక్తం తీశాక ట్యూబుని కుదిపామా, ప్లేట్‌లెట్లు నలిగి అక్కడికక్కడే బోలెడు నలుసులు రాలుస్తాయి. యంత్రానికి ఆ తేడా తెలియదు, ఎన్నుంటే అన్నీ లెక్కపెట్టేస్తుంది. అందుకే నీలం మూత ట్యూబులో రక్తం తీసి, నిలువుగా పట్టుకుని, మెట్లమీదుగా నడిచి, గంటలోపల ల్యాబుకి తేవాలి. తిప్పే యంత్రంలో పెట్టి రెండుసార్లు గిర్రున తిప్పి కణాలన్నీ అడుక్కి దించాకే లెక్క. ఈ ట్యూబు ఎవరి చేతికీ ఇవ్వను నేను. ఇవ్వనని అందరికీ చెప్పాను కూడా, కొందరికి రెండేసిసార్లు.

ఇక మా చెల్లెలి సంగతి. బట్టలు సరిచేసే దుకాణంలో పని తనకి, చేతిలో మంచి పనితనం ఉంది. మూడుసార్లు కడుపొచ్చింది. మూడుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. మూడోసారి పోయాక ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టి, కాలు బండలా వాచి, బతుకుతుందా అన్నంత పనయింది. అప్పటినుంచీ రక్తం పలచబడే బిళ్ల రోజూ సాయంత్రం వేసుకోవాలి. వేసుకోకపోతే మళ్లీ గడ్డకడుతుంది, ఈసారి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా వెళ్లొచ్చు. కానీ ఆ బిళ్ల కడుపులో బిడ్డకి మంచిది కాదు. కడుపొచ్చిందని తెలిస్తే ఆ క్షణమే బిళ్ల ఆపేసి పరుగున రమ్మనీ, బిళ్ల బదులు సూది మొదలుపెడతామనీ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఇది మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మా పరిశోధనలో పేర్లుండవు, నంబర్లే. ముప్పై ఒకటి మా చెల్లి. సూది గుచ్చింది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఆ శనివారం ముప్పై ఒకటి లెక్క చూసి నా మతి పోయింది. మిగతావాళ్లకంటే మూడింతలు. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. తెరమీద చుక్కలు ఈగలు ముసిరినట్టున్నాయి. పిక్కలో మళ్లీ ఏదైనా మొదలవుతోందా? లేక దీని తత్వమే ఇంతా? దాన్ని చూస్తే నవ్వుతూ తుళ్లుతూ ఉంది. డాక్టరమ్మ ఏదో సమావేశానికి ఊరెళ్లింది. ఆదివారమంతా ఏం తిన్నానో ఏం మాట్లాడానో నాకే తెలియదు.

సోమవారం పొద్దున్నే వంటింట్లో నిలబడి ఆవిడకి ఫోన్ చేశాను. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. కుడిచెవి సరిగా వినపడదు, ఎడమచెవికి మాత్రం అక్కర్లేనివన్నీ వినపడతాయి. నేను ఫోన్లో అన్నదిది: "మా చెల్లిదే డాక్టరమ్మా. నలుసులు మూడింతలున్నాయి. అనుమానం లేదు, రెండుసార్లు చూశాను." ఒక్క ట్యూబుతో ఏదీ తేల్చలేమనీ, ఇది పరిశోధన కాబట్టి దీన్నిబట్టి ఏ మందూ మార్చబోమనీ, చెల్లికి చెప్పి లేనిపోని కంగారు పెట్టొద్దనీ ఆవిడంది. సరేనన్నాను. ఎవరికీ ఒక్కముక్క చెప్పలేదు. ఒట్టు.

ఆరోజునుంచీ మా ఇంటిల్లిపాదికీ ఏమైందో నాకు అంతుపట్టలేదు. అమ్మ తనలో తను నవ్వుకుంటోంది. ఎన్నడూ లేంది సోమవారం మధ్యాహ్నమే చెల్లి ఇంటికి వెళ్లి చీకటిపడేముందు వచ్చింది. ఏంటమ్మా విశేషం అంటే, నీకు తెలియందేముందే అని నా బుగ్గ గిల్లింది. నలభై నాలుగేళ్లు నాకు. బుగ్గ గిల్లించుకునే వయసా ఇది?

మంగళవారం మరిది ఫోన్ చేశాడు. వదినగారూ మీ మేలు ఈ జన్మలో మర్చిపోలేం అన్నాడు. ఏం మేలు బాబూ అంటే, మీరు అలాగే అంటార్లెండి అని పెట్టేశాడు. నాకేమీ బోధపడలేదు. పరీక్ష చేసి పెట్టినందుకు అనుకున్నాను. మరీ ఇంత మర్యాదేంటా అని కూడా అనుకున్నాను.

బుధవారం చెల్లి చేసింది. అక్కా, నీకన్నీ తెలుసు కదా, నువ్వు నోరు విప్పేదాకా నేనడగను అంది. లెక్క సంగతి దీనికెవరు చెప్పారు? డాక్టరమ్మ చెప్పి ఉంటుందా? ఇప్పుడే ఏమీ అనుకోకే, డాక్టరమ్మ రానీ, అప్పుడు చూద్దాం అన్నాను. అది కిలకిలా నవ్వింది. మూడింతల లెక్క ఉందని తెలిసిన మనిషి నవ్వుతుందా? దీనికి ధైర్యం ఎక్కువైందా, నాకు పిచ్చెక్కుతోందా అని నాకు దిగులు పట్టుకుంది.

గురువారం ఓపీ నర్సు మాటల్లో మాటగా అసలు సంగతి బయటపెట్టింది. నేను చెల్లి రక్తం తీసిన రోజున, పక్క గదిలో ముప్పై రెండో ఆవిడ కళ్లు తిరిగి పడబోతే పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి స్టాండులో ట్యూబు లేదు, కిందికి దిగితే ల్యాబులో ఉంది. ఎవరో నడిచి తెచ్చారనుకున్నాను. తీరా చూస్తే నా పని తేలికవుతుందని ఈవిడగారే దాన్ని గాలిగొట్టంలో వేసి పంపిందట. మా ఆసుపత్రిలో గోడల్లోంచి గొట్టాలుంటాయి. డబ్బాలో ట్యూబులు పెట్టి మీట నొక్కితే గాలి దాన్ని అయిదంతస్తులు డబడబా కొట్టుకుంటూ కిందికి లాక్కుపోతుంది. నా ఒళ్లు భగ్గున మండింది. ఆవిణ్ని ఎన్ని మాటలన్నానో చెబితే బాగుండదు. పాపం, మంచికే చేశానంది, కళ్లనీళ్లు పెట్టుకుంది. పెట్టుకుంటే పెట్టుకుంది.

కానీ నా గుండె బరువు దిగింది. మూడింతలూ గొట్టంలో పుట్టినవే అయ్యుంటాయి. అన్నీ అవేనా, కొన్ని దాని ఒంట్లోవి కూడానా అంటే చెప్పడానికి లేదు. చెల్లికి ఫోన్ చేసి, ఆ లెక్క నమ్మకు, మళ్లీ రక్తం తీయాలి అన్నాను. మళ్లీ చూస్తే ఇంకా బాగా తెలుస్తుందిలే అక్కా అని మురిపెంగా అంది. మురిపెం దేనికో!

ఆదివారం మధ్యాహ్నం చెల్లి ఇంట్లో భోజనాలు. చెల్లిని కుర్చీలోంచి లేవనివ్వడం లేదు. మరిది వడ్డిస్తున్నాడు, అమ్మ గిన్నెలు కడుగుతోంది. పనిలో చురుగ్గా తిరిగే పిల్ల మహారాణిలా కూర్చుని కాళ్లూపుతోంది. నాకు తలనొప్పిగా ఉంటే బిళ్లకోసం వంటింటి అలమర తీశాను. అక్కడుంది దాని మందుల డబ్బా, వారానికి ఏడు గళ్లది, నేనే కొనిచ్చాను. ఆదివారం గడిలో బిళ్ల ఉండాలి, సాయంత్రం ఇంకా కాలేదు కాబట్టి. కానీ సోమవారం నుంచి శనివారం దాకా ఆరు గళ్లలోనూ ఆరు బిళ్లలూ అలాగే ఉన్నాయి.

డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాను.

"ఇవేంటే?"

"ఆపేశానక్కా. కడుపొస్తే ఆ క్షణమే ఆపమన్నారుగా."

"కడుపా? నీకెవరు చెప్పారు?"

చెల్లి అమ్మ వంక చూసింది. అమ్మ నా వంక చూసింది.

"నువ్వే కదే," అంది అమ్మ. "డాక్టరమ్మకి ఫోన్లో చెప్పలా? చెల్లి నలుసులు మూడింతలున్నాయి, అనుమానం లేదు, రెండుసార్లు చూశానని. పోయిన ముగ్గురూ ఒక్కసారే తిరిగొస్తున్నారనుకున్నా."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. కంట్లో పడేదీ నలుసే, కడుపులో పడేదీ నలుసే. రెండేళ్లుగా ఆ మాట రోజుకి నలభైసార్లు అంటూ ఒక్కసారైనా తట్టలేదు నా మట్టిబుర్రకి. కడుపులో ఒక్క నలుసు పడితే చాలని మా అమ్మ ఎన్నిసార్లు నా ముందే అనలేదు! బిళ్ల ఆపినదానివి డాక్టరమ్మ దగ్గరికి ఎందుకు పరుగెత్తలేదే అని అరిచాను. అక్క ద్వారా ఆవిడకి ముందే తెలుసు కదా, వాళ్లే పిలుస్తారని కూర్చున్నారట ముగ్గురూ. నేను నోరు విప్పకపోతే, మూడుసార్లు దెబ్బతిన్నాం కదా, తొందరపడి చెప్పడం ఇష్టంలేక దాస్తోందనుకున్నారట.

ఆరు రోజులు. ఆరు రోజులుగా దాని రక్తం ఏ కాపలా లేకుండా తిరుగుతోంది. కాలు చూపించమన్నాను. వాపు లేనట్టే ఉంది, ఉన్నట్టూ ఉంది, నా కళ్లని నేనే నమ్మలేకపోయాను. కడుపూ లేదు గిడుపూ లేదు, అవి రక్తంలో తునకలు, ముందు బిళ్ల మింగు అన్నాను. అది డబ్బాని దూరంగా తోసేసింది. నెల తప్పి తొమ్మిది రోజులైంది అక్కా అంది. లేదని నేనెలా చెప్పను? నలుసుల యంత్రం చూడలేదు కాబట్టి కడుపు లేదనా? అది కడుపుని చూసే యంత్రమే కాదాయె. బిళ్ల మింగమంటే ఒకవేళ బిడ్డ ఉంటే? వద్దంటే, ఒకవేళ లేకపోతే?

డాక్టరమ్మ ముందురోజే ఊర్నుంచి వచ్చిందట, ఫోన్ ఎత్తగానే తీసుకొచ్చేయమంది. అందరం కారెక్కాం. అమ్మ చేతిలో చెంచా అలాగే ఉంది, ఆసుపత్రికొచ్చాక చూసుకుంది.

కాలు స్కాన్ చేశారు. గడ్డ లేదు. అప్పుడు గాని నాకు ఊపిరాడలేదు. రక్తం మాత్రం మామూలు మనుషుల రక్తంలా చిక్కబడిపోయింది. ఇక కడుపు ఉందో లేదో చెప్పే పరీక్ష. అయిదు లోపుంటే లేనట్టు. పాతిక దాటితే ఉన్నట్టు. మా చెల్లికి ఎనిమిది వచ్చింది. ఎనిమిదంటే ఏంటండీ అని మరిది అడిగాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

నాకు కాగితం చించి పారేయాలనిపించింది. పంతొమ్మిదేళ్లు అంకెలు రాసి రాసి బతికాను, ఇలాంటి అంకె నా ఇంటికే రావాలా?

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని చెల్లి చెయ్యి పట్టుకుంది. రెండు రోజులాగి మళ్లీ చూద్దామంది. అంతవరకూ బిళ్ల వద్దు, సూది వేసుకో, బిడ్డ ఉన్నా దానికేమీ కాదు, లేకపోయినా నీ కాలికి రక్ష అంది. చెల్లి రెండుసార్లు అడిగింది, నిజంగా ఏమీ కాదా అని. కాదు అంది ఆవిడ. అప్పుడు తనే చీర కొంగు కొంచెం పక్కకి తీసి పొట్ట చూపించింది. సూది నేనే వేశాను.

ఇంటికి తీసుకెళ్తుంటే అడిగింది, మరి నీ యంత్రం చూసిందేంటని. చెప్పాను. ప్లేట్‌లెట్లు గొట్టంలో పడి కొట్టుకుని, అంచులు తెగి రాలిన తునకలని. అన్నీ నావేనా అంది. నీవే అన్నాను. అయితే ఫర్వాలేదులే అంది. ఏమిటి ఫర్వాలేదో నేనడగలేదు, అది చెప్పనూలేదు.

సోమవారం ఎలాగో గడిచింది. కడుపు నిలిస్తే ఆ అంకె రెండు రోజుల్లో రెట్టింపవుతుంది. ఎనిమిది పదహారు కావాలని నాకు ఆశ. వెంటనే ఆ ఆశమీద కోపం. పదహారైతే మళ్లీ మూడో నెల దాకా ప్రాణం ఉగ్గబట్టుకుని బతకాలి. కాకపోతే? కాకపోతే అనే ఆలోచన దగ్గరికి నేను వెళ్లలేదు. పక్కనుంచి తప్పుకుని వచ్చేశాను.

మంగళవారం పొద్దున చెల్లి ఒంటరిగా వచ్చింది. మరిదిని పనికి పంపేసిందట. నేను ట్యూబు తీస్తుంటేనే మెల్లిగా చెప్పింది, తెల్లారి లేవగానే కనిపించింది అక్కా అని. ఏం కనిపించిందో వేరే చెప్పక్కర్లేదు మా ఇద్దరికీ. అయినా పరీక్ష చేయాలి కదా, చేశాను. రెండు వచ్చింది.

డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఉండి పోయిందని అనుకోవచ్చు, అసలు లేదనీ అనుకోవచ్చు, ఇంత తొందరగా అయితే మేము లెక్కలోకి తీసుకోం అంది ఆవిడ. బిళ్ల మళ్లీ మొదలుపెట్టమంది, అది పనిచేసేదాకా నాలుగైదు రోజులు సూది కూడా కొనసాగించమంది. బిళ్ల ఆపినందుకు పోయిందా అని చెల్లి అడిగింది. కాదు అంది ఆవిడ. నా నలుసులవల్లా అని అడిగింది. తెలియదమ్మా, అది తెలుసుకోవాలనే ఇదంతా అంది ఆవిడ. డాక్టరమ్మ అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నాకొక్క క్షణం అనిపించింది.

వచ్చావు కాబట్టి పరిశోధనకి కూడా మళ్లీ రక్తం తీసేయనా అన్నాను. తియ్యి అంది. ప్రతిసారీ సూదికి ముందు ఒక కాగితం నింపాలి. వయసు, బరువు, వేసుకునే మందులు. ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగి రాశాను, పరాయి మనిషిని అడిగినట్టే. అదీ అలాగే జవాబులు చెప్పింది. తర్వాతి వరుసలో, ఇంతవరకు పోయిన గర్భాలెన్ని అని ఉంది. నా పెన్ను అక్కడ ఆగిపోయింది.

మూడు అని రాయాలి. ఇది లెక్కలోకి రాదంది డాక్టరమ్మ. తప్పు అంకె రాస్తే ఎదుటివాళ్లని చీల్చి చెండాడేదాన్ని నేను.

చెల్లి కాగితంమీదికి వంగి చూసింది.

"నాలుగు రాయక్కా," అంది. "ఎవరూ నమ్మకపోయినా ఫర్వాలేదు. ఆరు రోజులు నేను దానితో మాట్లాడాను."

నాలుగు అని రాశాను. రేపు డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.